రోహిణి ఎండలో అబ్బులు గారి జెల్లలు

భీమవరంలో మా పక్క వాటాలో ఉండే అబ్బులు గారు ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు కొడతారు. పాతికేళ్ళుగా చచ్చిన చేపల మీద ఐసు కప్పుతున్న మనిషి. ఇంట్లో మాత్రం కిటికీ అద్దాలు అతికించి తనే కట్టుకున్న గాజు తొట్టెలో బతికున్న చేపల్ని పెంచేవారు. మొత్తం ఆరు. చేపల లారీ మీద కలకత్తా వెళ్ళే బావమరిది పాలిథిన్ సంచిలో తెచ్చిచ్చాడు. దక్షిణ అమెరికా నదుల్లోని జెల్ల జాతి. బొటనవేలంత ఉంటాయి. పొలుసులుండవు. ఒంటికి రెండు పక్కలా ఇంటి పెంకుల్లా ఒకదాని మీదొకటి ఎక్కిన ఎముక పలకలు. రోజంతా మీసాలతో ఇసుక వెతుకుతూనే ఉంటాయి.

నేను జువాలజీ చదివాను గానీ వీటిని ప్రాణంతో చూడడం అదే మొదలు. ఎనిమిది నెలల మా చిన్నమ్మాయిని చంకనేసుకుని చూడబోయాను. ఒక చేప సర్రున పైకొచ్చి, గుటక వేసి, అంతే వేగంగా కిందికి పోయింది. వెంటనే ఇంకొకటి.

"అబ్బులు గారూ, ఊపిరాడట్లేదండీ వీటికి! చచ్చిపోతాయి!"

"ఆయ్, ఏం కాదండి. మన మార్పు చేప మింగదేంటండి గాలి? ఇదీ అంతే."

నిజమే. మార్పు చేపకు గాలి పీల్చడానికి మొప్పల పైన వేరే అవయవం ఉంటే, దీనికి పేగే ఊపిరితిత్తి. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతే, కళ్ళెదుట జరిగితే పోల్చుకోలేకపోయాను!

ఎనభై మూడో సంవత్సరం రోహిణి కార్తెలో రెండు చచ్చిపోయాయి. నా కాలేజీ థర్మామీటరు ముంచితే ముప్పై నాలుగు డిగ్రీలు. మిగిలిన నాలుగూ ఒక మూల చేరి కదలడం లేదు.

"ఇయ్యి కూడా పోతే మళ్ళీ రావండి. మా బావమరిది లారీ మానేశాడు," అన్నారు అబ్బులు గారు, తొట్టె మీంచి చూపు తిప్పకుండా.

మర్నాడు పొద్దున్నే గోనెసంచిలో ఐసు తెచ్చారు. నేను అడ్డుపడ్డాను. "ఫ్యాక్టరీలో దిమ్మల డబ్బాలు ముంచేది ఉప్పునీళ్ళలో కదండీ, ఐసుకి ఆ ఉప్పు తగులుతుంది! పైగా నీళ్ళు ఒక్కసారిగా చల్లబడినా ప్రమాదమే."

ఆయన ఒక ముక్క నాలిక మీద పెట్టుకుని చూశారు. "ఇది చప్పనేనండి. అయినా నీళ్ళలో ఎయ్యను." క్యారేజీ గిన్నెలో ముక్కలు వేసి, గిన్నెను నీళ్ళ మీద తేలేశారు.

ఆయన భార్య నాగరత్నం గారు ఊరుకుంటారా? "మజ్జిగలోకి చిన్న ముక్క అడిగితే ఓనరు తిడతాడంటాడమ్మా. ఈటికి మాత్రం గోనెడు!"

"నీకు మీసాల్లేవు కదే!"

అరగంటకోసారి థర్మామీటరు చూశాను. సాయంత్రానికి ఇరవై ఆరు. నాలుగూ మూల వదిలి ఇసుకలోకి దిగాయి!

మరుసటి ఉదయం అబ్బులు గారు పనికి వెళ్ళాక తొంగిచూస్తే తొట్టె అంతా పరుగులే. లావుపాటి ఆడచేప నోటితో అద్దం తుడుస్తోంది. కడుపు కింది రెక్కలు దోసిలిలా ముడిచి, అందులో నాలుగు గుడ్లు! తుడిచిన చోట వాటిని అంటించి, మళ్ళీ మగచేప దగ్గరికి పోయింది.

పిల్లనెత్తుకుని ఐసు ఫ్యాక్టరీకి పరుగెత్తాను.

"అబ్బులు గారూ! గుడ్లండీ! చల్లనీళ్ళు తగిలేసరికి వానాకాలం వచ్చిందనుకుని గుడ్లు పెట్టేస్తోంది!"

ఆయన ఐసు కొక్కెం పక్కన పడేశారు. "బతుకుతాయాండి?"

"పెద్దవాటిని వేరు చేయాలి, లేకపోతే తినేస్తాయి. పిల్లలవడానికి నాలుగు రోజులు. అన్నాళ్ళూ నీళ్ళు వేడెక్కకూడదు."

ఆయన తిన్నగా గుమస్తా నాగేశ్వరప్రసాద్ గారి ముందు నిలబడ్డారు. "నాలుగు రోజులు సెలవు కావాలండి. ఇంట్లో పురుడండి."

"పురుడేంటయ్యా? ఎవరికి?"

"దచ్చిణ అమెరికా ఆడకూతురికండి!"

గుమస్తా గారు నవ్వి నవ్వి సెలవిచ్చారు. వలకు ముల్లురెక్కలు చిక్కుకుంటాయని అబ్బులు గారు పెద్దచేపల్ని స్టీలు గ్లాసుతో ఒక్కొక్కటే తోడి బకెట్లోకి మార్చారు. నాలుగు రోజులూ గిన్నె గిన్నెకూ ఐసు రుచి చూశారు.

ఐదో రోజు పొద్దున అద్దం అడుగున వెంట్రుకంత తోకలు వణుకుతున్నాయి. నలభై దాకా లెక్కపెట్టి, ఆనందం పట్టలేక మళ్ళీ మొదటికొచ్చాను.