పదిన్నర వచ్చింది

మా మడిలో నాటిన వరి రెండోసారీ మాడిపోయింది. కాలువ వచ్చిన సంబరంలో మురుగు పోయే దారి తవ్వకుండా నీళ్లు నిలబెట్టాం, మట్టిలోని ఉప్పు చౌడై పైకి తేలింది. రాయచూరులో బీఎస్సీ చదివే చిన్నచెల్లెలు, ఆ మట్టినీళ్లలో చాకలి సోడా ఎంతుందో కాలేజీలో తేల్చుకొచ్చి, ఈ సాయంత్రం పీహెచ్ లెక్క కట్టింది. సోడా క్షార స్థిరాంకాన్ని గాఢతతో గుణించి, వర్గమూలం తీసి, చివరికి పదిన్నర తేల్చింది; తొమ్మిది దాటితేనే వరికి కష్టమట.

"బలహీన క్షారమే అన్నయ్యా, నీళ్లలో కొంచెమే క్షారం పుట్టిస్తుంది," అంది నా తమ్ముడితో.

"కొంచెమేగా! మళ్లీ నాటేద్దాం," అన్నాడు తమ్ముడు ఆశగా.

"ఆ కొంచెమే వేళ్లని కాల్చేసింది. ఈ ఏడు వద్దన్నయ్యా."

తమ్ముడు అన్నం ముట్టలేదు. మాకున్నది ఆ మడొక్కటే.

రోజూ దీపం పెట్టి కాలువ నిండుగా పారాలని వేడుకునేదాన్ని. ఈ పూట ఏమడగాలో తోచలేదు. చౌడు చూసినవాళ్లు చెప్పండి, మీరేమడిగారు?