వరి ఆకు యంత్రంలో నేను పూడ్చిన సందు

వరి ఆకులో జన్యువును చదివే ప్రోటీన్ల కూటమిని బాన్సువాడలో మొదట నిలబెట్టింది నేనే. బస్టాండు దగ్గరి హోటల్లో ఈ మాట ఎంతగా చెప్పానంటే, చాయ్ పోసే ఆయనకు కూడా కంఠతా వచ్చింది. నిజానికి నేను మట్టి పిసికాను. ఆ మట్టి కూడా బీర్కూర్ నుంచి మా బావ బస్సులో తెచ్చిందే.

మా మనవరాలు డిగ్రీలో వృక్షశాస్త్రం చదువుతోంది. ఆ కూటమికి మట్టి ముద్దలతో నమూనా చేసి, సారు అడిగినదానికి జవాబు చెబితేనే ప్రాక్టికల్ పాసవుతుంది. పోయినసారి భయంతో నోరు పెగలక తప్పింది. ఈసారీ తప్పితే చదువు మానేస్తానంది. ఇంత గడ్డు సమయంలో నావంటి మేధావి ఊరుకోవచ్చునా?

"నడుమ ముద్దలు హరితరేణువు లోపలనే తయారైతయి తాతా. చుట్టూ ఉన్నయి బయటినుంచి వచ్చి అతుక్కుంటయి."

"ఇల్లరికపు అల్లుళ్లా?"

"వాటిల ఒక్కటి రాకున్నా ఆకు తెల్లగైతది, మొలక చస్తది."

"అయితే అల్లుళ్లే."

ముద్దలన్నీ అతికించి, ఆరబెట్టి, నన్ను కాపలా పెట్టి లోపలికి వెళ్లింది. చూస్తే నట్టనడుమ ఒక సందు. పొలం గెట్టు మీద ఎలుక బొక్క కనిపిస్తే మడమతో తొక్కి పూడ్చందే అడుగు ముందుకు వేయని జాతి మాది. లేకుంటే మడిలో నీళ్లు నిలవవు. తడి మట్టి పెట్టి నున్నగా మెత్తాను. పిల్ల గమనించక దానిమీదే రంగు వేసింది.

మర్నాడు ఆటోలో నమూనాను ఒళ్లో పెట్టుకుని కాలేజీకి వెళ్లాను. సారు ఎర్ర ఊలు దారం పిల్ల చేతికిచ్చాడు.

"ఇది డీఎన్ఏ అనుకో. ఎటు పోతదమ్మా?"

దారం పోయే దారి లేదు. పిల్ల ముఖం పాలిపోయింది. వెనక్కి తిరిగి గుమ్మంలో ఉన్న నన్ను చూసింది. నేను ఫ్యానును మహా శ్రద్ధగా పరిశీలించాను.

ఆమె జడలోని పిన్ను తీసి తవ్వడం మొదలుపెట్టింది.

"ఈ సందుల డీఎన్ఏ పడ్తెనే చదువుడు మొదలైతది సార్. ఇది మూసుకపోతే చుట్టూ అన్నీ సక్కగున్నా లాభం లేదు."

"మరి మూసిందెవరు?"

"మా తాత సార్. గెట్టు అనుకున్నడు."

గది మొత్తం నవ్వింది, ఆమె కూడా. ఆ నవ్వుతో భయం పోయినట్టుంది. ఒక్కో ముద్దను వేలితో చూపిస్తూ గడగడా చెప్పేసింది. పాసైంది.

పిల్ల బెరుకు పోగొట్టడానికే కావాలని పూడ్చానని హోటల్లో చెప్పుకుంటున్నాను. చాయ్ ఆయన నమ్మాడు కూడా. లేదు, నేను దాన్ని నిజంగా ఎలుక బొక్కే అనుకున్నాను. నమూనా ఇప్పుడు అటక మీద ఉంది, నా చేతికి అందకుండా.