ఆదరణ కూడిక

నా చేత్తో నేనొక మంచి మనిషిని చంపాను. కంగారుపడకండి, ఆయన బతికే ఉన్నారు. ఆయన బతికుండటమే అసలు గొడవ.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఖమ్మంలో మూడు నెలల వెబ్ డిజైనింగ్ కోర్సు చేసి పాల్వంచలో ఒక నెట్ సెంటర్లో పనికి కుదిరాను. సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి కంప్యూటర్ పక్కనే పెట్టుకున్నానంటే నా వాలకం మీకు అర్థమై ఉంటుంది. ఒక బుధవారం పాస్టరుగారు వచ్చారు.

"మా చర్చికి వెబ్‌సైటు జెయ్యాలమ్మా. పేజీ తెరవంగనే ఆదరణ కనపడాలె. రా, కూసో అన్నట్టుండాలె."

"చేస్త సార్. ఎవరెవరు చూస్తరు?"

ఆయన గొంతు తగ్గించారు. "అందరు చూడాలె. గనీ ముఖ్యంగ మా అక్క. ఖమ్మంల ఉంటది. మా చెల్లె పెండ్లికాడ మాటా మాటా పెరిగి, 'నువ్వు సస్తే తప్ప నీ చర్చి మెట్టెక్క' అన్నది. తొమ్మిదేండ్లాయె. ఆమె కొడుకు కంప్యూటర్ నేర్చుకుంటుండు, ఆడు చూపిస్తడు."

నాకు కళ్ళు చెమర్చాయి. ఆ తడి ఆరకముందే పని మొదలుపెట్టాను. అదే తప్పయింది.

మా ఇంట్లో భద్రాద్రి రాముడే తప్ప చర్చి గుమ్మం చూసినవాళ్ళు లేరు. అందుకని చర్చి భాష కోసం మా సెంటర్లో కంపోజ్ చేసిన పాత కార్డులు తిరగేశాను. ఒకదాంట్లో 'ఆదరణ కూడిక' అని దొరికింది. ఆదరణ! పాస్టరుగారు అడిగిన మాటే! ఆ కార్డులో మిగతాది చదివి ఉంటే మీకీ కథ చెప్పే అవసరం ఉండేది కాదు.

ఇక నా కళాఖండం వినండి. బంగారు అక్షరాలు మెరవాలని వెనకంతా నలుపు. మధ్యలో నవ్వుతున్న పాస్టరుగారు, చుట్టూ గులాబీల దండ. కింద రెపరెపలాడే రెండు కొవ్వొత్తులు, పైన ఆకాశంలోకి ఎగిరిపోతున్న పావురం. ఆయన ఉద్యోగం వదిలి దేవుని సేవలోకి వచ్చారని ఊళ్ళో విన్నాను, అందుకని ఇలా రాశాను: 'ప్రభువు పిలుపునందుకున్న మా ప్రియ కాపరి. ఆదరణ కూడిక ఈ ఆదివారం ఉదయం పది గంటలకు. అందరూ తప్పక రాగలరు.'

గురువారం ఆయన చూడటానికి వచ్చారు. ఆ రోజుల్లో నెట్‌లో బొమ్మ పైనుంచి కిందికి గీతగీతగా దిగేది. పావురం దిగింది, గులాబీలు దిగాయి, నుదురు దిగింది. కళ్ళు దిగేలోపు పినపాక బస్సు హారన్ కొట్టింది.

"మస్తుగుందమ్మా, పెట్టేసెయ్!" అంటూ భార్యతో కలిసి బస్సెక్కేశారు. పినపాక అవతల అడవి పల్లెల్లో మూడు రోజుల ప్రార్థనలు. అక్కడ సెల్‌ఫోన్ పలకదు.

శనివారం ఆ చర్చి సంఘపెద్ద నుంచి ఫోను.

"అమ్మా, అయ్యగారు ఎట్ల పోయిన్రు?"

"పినపాక బస్సుల పోయిన్రు సార్."

"బస్సులనా! ఏమన్న బాధపడ్డరా?"

"ఏం లేదు సార్. నవ్వుకుంట పోయిన్రు."

"అంత ప్రశాంతంగనా... ఎప్పుడు తీసుకొస్తున్నరు?"

"తీసుకొచ్చుడేంది సార్, రేపు పొద్దుగాల అదే బస్సుల..."

అవతల గొల్లుమన్నారు. ఫోను తెగింది. మా ఓనరన్న పేజీ చదివి తల పట్టుకున్నాడు.

"ఆదరణ కూడికంటే ఏందో ఎరుకేనా నీకు?"

"ఆదరించే మీటింగ్ అన్నా."

"అవ్! సచ్చినోళ్ళ ఇంటోళ్ళను ఆదరించే మీటింగ్! మనకు దినం లెక్క!"

పేజీని ఆ నిమిషమే పీకేశాను. సంఘపెద్దకు ఎన్నిసార్లు తిరిగి చేసినా ఫోను ఎంగేజే. వార్తను పీకేయడం మాత్రం కోర్సులో నేర్పలేదు.

ఆదివారం చర్చి ముందు ఎక్కడ చూసినా తెల్లబట్టలు, పూలచక్రాలు. నేను గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ మొరపెట్టుకున్నాను. "బతికే ఉన్నరండీ!"

"అవ్ బిడ్డా, మన గుండెలల్ల బతికే ఉన్నరు," అని నా తల నిమిరి లోపలికి వెళ్ళిపోయారు. నేల చీలి నన్ను మింగితే బాగుండుననిపించింది.

ఇంతలో ఒక ఆటో ఆగింది. "తమ్మీ!" అని గుండెలు బాదుకుంటూ దిగిన పెద్దామెను చూడగానే ఎవరో పోల్చుకున్నాను. అదే ముక్కు, అదే నుదురు. ఆమె పరుగున వచ్చి చర్చి మెట్టెక్కింది. సరిగ్గా అప్పుడే పాస్టరుగారు భార్యతో, భుజాన సంచీతో వచ్చారు. జనాన్ని చూసి మొహం వెలిగిపోయింది.

"చూసినవామ్మా వెబ్‌సైటు పవరు!"

ఎవరో కెవ్వుమన్నారు. ఆయన మెట్టు వైపు చూశారు. "అక్కా!"

ఆమె ఏడుపు ఆగిపోయింది. ఆయన చేతులు తడిమింది, మొహం తడిమింది, చెంప మీద ఒక్కటిచ్చింది.

"బతికే ఉన్నవా?"

"ఉన్ననక్కా. లోపలికి రా."

ఆమె తన కాళ్ళ కింది మెట్టును చూసుకుంది. "బతికున్నోని చర్చికి నేనెందుకొస్త?" అని మెట్టు దిగి, అదే ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

నేను కూలబడ్డాను. "తిట్టండి సార్. మీ అక్కను మళ్ళ దూరం చేసిన."

ఆయన చెంప తడుముకుంటూ ఆటో పోయిన వైపే చూస్తున్నారు. "నేను సచ్చినా వస్తదో రాదో అని ఇన్నేండ్లు బుగులుండెనమ్మా," అన్నారు. "వస్తది."

ఆ సాయంత్రం నా సర్టిఫికెట్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. బతికున్న మనిషి ఫొటో చుట్టూ పువ్వు పెట్టను, కొవ్వొత్తి వెలిగించను, పావురాన్ని ఎగరనివ్వను. ఇక ఊరెళ్ళిన మనిషిని ఎవరు అడిగినా సరే, 'పోయిన్రు' అని మాత్రం చచ్చినా అనను.