అక్క తాగని నీళ్లు

మా అక్క స్టీలు నీళ్ల బాటిల్‌తో నన్ను కొట్టింది. పై పెదవి చిట్లి రక్తం జాకెట్ మీదికి కారింది. హైదరాబాద్‌లో కీమో ఎక్కించుకుని మెదక్ బస్సులో తిరిగొస్తున్నాం. కొట్టినందుకు నాకు కోపం రాలేదు, తాగనందుకు వచ్చింది. దవడ పట్టి నోరు తెరిపించి మళ్లీ నీళ్లు పోశాను.

అక్క మెదక్‌లో జాకెట్లు కుడుతుంది. మెడ మీద లేచిన గడ్డ లింఫోమా అనే క్యాన్సర్ అని తేలింది. ఆమెకు ఎక్కించేవాటిలో సైక్లోఫాస్ఫమైడ్ ఒకటి. ఆల్కైలేటింగ్ మందుల జాతి. యుద్ధంలో మనుషుల ఒళ్లు కాల్చిన మస్టర్డ్ గ్యాస్ నుంచే ఈ జాతి పుట్టిందని డాక్టరమ్మ చెబితే, విషాన్ని తెచ్చి నరంలో పెడుతున్నారా అని ఒళ్లు మండింది. కణంలో డీఎన్‌ఏ రెండు పోగులుగా ఉంటుందట. కణం రెండు కావాలంటే ఆ పోగులు విడిపోవాలి. మందు వాటిని విడిపోనివ్వదు, కణం చస్తుంది.

"అంటే రెండు పోగులు కలిపి కుట్టేస్తదన్నట్టు," అంది అక్క.

గబగబా పెరిగే కణాలే దీనికి ఎక్కువ దొరుకుతాయి. క్యాన్సర్ అట్లాంటిదే. జుట్టు కుదుళ్లు, నోటి లోపలి పొర, రక్తం తయారయ్యే మూలుగ కూడా అట్లాంటివే. మందుకు తన పర భేదం తెలియదు. గడ్డ సగానికి తగ్గింది. అక్క జుట్టంతా దిండు మీదికి ఊడొచ్చింది, నోరంతా పుండ్లు, తెల్లకణాలు పడిపోయి చిన్న జ్వరమొచ్చినా ప్రాణం మీదికే. రొమ్ము క్యాన్సర్‌కూ ఇదే ఇస్తారట. వాళ్లూ ఈ మందు చేతిలో ఇట్లాగే తన్నులు తింటుంటారు.

"ఈ మందు విరిగి మూత్రం సంచిలకు పోతది. అక్కడ నిలబడితే లోపలంతా కాలుస్తది. నీళ్లు మస్తు తాగుండ్రి, మాటిమాటికి పోయిరాండ్రి," అంది డాక్టరమ్మ. అక్క తల ఊపింది.

మా ఇళ్లల్లో ఆడవాళ్లు బస్సెక్కే రోజు పొద్దున చాయ్ కూడా ముట్టరు. దారిలో ఎక్కడికని పోతారు? మా అమ్మ నేర్పింది, ఆమెకు వాళ్లమ్మ నేర్పింది. పోయినసారి అక్క ఖాళీ బాటిల్ చూపిస్తే మురిసిపోయాను. నీళ్లన్నీ కిటికీలోంచి పారబోసిందట. మర్నాడు బాత్రూంలోంచి కేక. మూత్రంలో రక్తం పడి గచ్చంతా ఎరుపు. నల్లా పట్టుకుని, గొంతు కోస్తున్నట్టు అరిచింది.

"మళ్ల గిట్లయితే ఈ మందు ఆపాల్సొస్తది. ఆపితే గడ్డ మళ్ల లేస్తది," అంది డాక్టరమ్మ.

అందుకే ఈసారి బలవంతంగా పోశాను. పుండ్లకు నీళ్లు తగిలి అక్క విలవిల్లాడింది, నా వేలు కొరికింది.

"గింత మందిల నా ఇజ్జత్ తీస్తవానే? దిగినంక తాగుత!"

"దిగేదాంక ఉంటే సస్తవ్! తాగు!"

నర్సాపూర్ అడవి దగ్గరికి వచ్చేసరికి పొట్ట పట్టుకుని వంగిపోయింది. నేను డ్రైవర్ దగ్గరికి ఉరికాను.

"అడివిల ఎట్ల ఆపాలమ్మా? జర ఓపిక పట్టుండ్రి," అన్నాడు.

ఓపిక! ఆ ఓపికే మా అక్క కడుపు కాల్చింది. బాటిల్ ఎత్తాను. "ఆపుతవా, అద్దం పలగ్గొట్టాల్నా?"

బ్రేకు పడింది. అందరం ముందుకు తూలాం. అక్క మాత్రం సీటు వదలదు. మొగోళ్లు చూస్తుండ్రంటుంది. రెక్క పట్టి గుంజాను. తల మీది గుడ్డ జారి బోడిగుండు బయటపడింది.

వెనక సీట్లోంచి బుర్ఖా వేసుకున్న ఒక ముసలామె లేచింది. "జరగుండ్రి. నేను గూడ దిగుత. పొద్దుగాల్నుంచి ఆపుకొని సస్తున్న."

ఆమె వెనకాల కాలేజీ పిల్ల లేచింది. తర్వాత కుల్చారం పోయే ఒకామె, చంకలో బిడ్డతో. చివరికి బస్సులో ఉన్న ఆడవాళ్లంతా దిగారు. ముసలామె బుర్ఖా మీది చున్నీ విప్పి అక్కకు అడ్డం పట్టింది. మిగతావాళ్లు పొదల చాటుకు పోయారు.

అక్క కూర్చుని, కింద మట్టిలోకి వంగి చూసింది.

"ఎర్రగ లేదే," అంది. లేవకుండానే చెయ్యి చాపింది. "ఆ బాటిల్ ఇటు తే."

బాటిల్ మూతికంటిన నా రక్తం కొంగుతో తుడిచి ఇచ్చాను. పుండ్ల మంటకు కళ్లమ్మట నీళ్లు కారుతున్నా ఆపకుండా తాగింది.

"పొద్దుగాల్నుంచి గొంతెండి దూపైతుందే," అంది.