మాయను అడిగి తీసుకున్న మేడం

ఉప్పునీటిలో కడిగిన మాయకు ఒక పచ్చి వాసన ఉంటుంది, తడిసిన ఇనుములాగ. ఈ ఉదయం నాందేడ్‌లోని మా ప్రయోగశాలలో స్టీలు డబ్బా మూత తీయగానే ఆ వాసనతో సునంద మేడం గుర్తొచ్చారు. బిడ్డ పుట్టాక బయటపడే మాయను ఆస్పత్రుల్లో పారేస్తారు. దానిలోని మూలకణాలతో మానని పుండ్లను మాన్పవచ్చేమోనని ఆవిడ ఏళ్ల తరబడి వెతికారు. నాకు పని నేర్పింది ఆవిడే.

నేను కొత్తగా చేరిన రోజుల్లో, తెలంగాణ సరిహద్దు ఊరు మర్ఖేల్ నుంచి కూతురి కాన్పుకు వచ్చిన ఒక తల్లి, ఆస్పత్రిలో మాయ డబ్బా పట్టుకెళ్తున్న నా దారికి అడ్డం నిలబడింది. "మాయను భూమిల పెట్టాలె. డబ్బల ఏసుకొని ఏడికి పోతున్రు?" అంది. కూతురు ఒప్పుకుందని నేను చెప్పబోయాను. మేడం నన్ను ఆపి, ఆమె పక్కన బెంచీ మీద కూర్చున్నారు.

"షుగరున్నోళ్ల కాళ్ల పుండ్లు జల్ది మానవు గదా అక్కా. దీంట్లకెల్లి కణాలు తీసి, మందయితదా అని చూస్తున్నం. నువ్వు వద్దంటె ముట్టం."

ఆమె డబ్బా మూత తీయించి చూసింది. "సగం మీరు తీస్కోండ్రి. సగం నేను పాతిపెడ్త," అంది. మేడం స్వయంగా కోసి, ఆమె సగాన్ని తెల్లబట్టలో చుట్టి చేతికిచ్చారు.

కొన్నేళ్లకు మేడం కాలికే పుండు పడింది. ఆవిడకూ షుగరు. అప్పటికి మా కణాలతో ఎలుకల గాయాలు త్వరగా పూడుతున్నాయి కానీ, మనుషుల మీద వాడే అనుమతి ఇంకా రాలేదు. ఆవిడ కాలివేళ్లు నల్లబడటం చూసి నేను ఉండబట్టలేకపోయాను.

"మన కణాలు పెడ్దాం మేడం. ఎవ్వలకు తెల్వదు."

"నయమయితె కణాలతోని అయిందా, మందుగోలీలతోని అయిందా, ఎట్ల తెలుస్తది? చెడిపోతె రేపు మనకు మాయ ఎవ్వలిస్తరు?"

"కాలు పోతది మేడం!"

"పోనీ. పని పోవద్దు."

పాదం తీసేశారు. ఆపరేషన్‌కు తీసుకెళ్తుంటే ఆవిడ ఏడ్చారు, భయమవుతోందని నా చేయి వదల్లేదు. గాయం ఆరాక వాకర్ పట్టుకుని ప్రయోగశాలకు వచ్చి, "నిలబడి చేసేటివి నువ్వు చెయ్యి, కూసుండి చేసేటివి నాకియ్యి," అన్నారు. చనిపోయే ముందు నెల వరకూ అలాగే వచ్చారు.

మా కణాలు ఇంకా మందు కాలేదు. మొన్న గోకుంద నుంచి ఒకాయన నడుము కింద చచ్చుబడిన కొడుకును తీసుకొచ్చి, మూలకణాల సూది వేయమని నా చేతులు పట్టుకున్నాడు. బయట ఎవరో వేస్తామన్నారట.

"అది పనిచేస్తదని ఇంక తేలలేదన్నా. ఇస్తమన్నోళ్లను నమ్మకు," అన్నాను.

అతను తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. ఆ తిట్లు పడగలిగే గట్టితనం నాకు మేడం ఇచ్చిందే. మందు లేదని చెప్పి ఒకరిని పంపిన రోజు పెందలాడే ఇంటికి వెళ్లబుద్ధి కాదు, ఇంకాసేపు పనిలో కూర్చుంటాను. అదీ ఆవిడ నుంచి వచ్చిందే.