బద్ధకంగా దోపుకున్న అంచు

1990 ప్రాంతంలో ఒక సాయంత్రం, పరాయి దేశంలో, నేనుండే సన్నీబ్యాంక్ పేటకు వెళ్లే బస్సులో ఉడికిపోతూ కూర్చున్నాను. మా మేనేజరు మీటింగులో నా ఇంగ్లీషు యాసను వెక్కిరించి అందరినీ నవ్వించాడు. "రేపు వీడి అంతు చూస్తా" అని పైకే అనేశాను.

పక్క సీట్లోని చైనా పెద్దాయనకు తెలుగు రాదు గానీ నా పిడికిలి అర్థమైంది.

"ఫైటా?" అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో. "మా తాయ్‌చీ యుద్ధవిద్యలో ఒక భంగిమ పేరు 'బద్ధకంగా అంగీ దోపుకోవడం'. పూర్వం పొడుగు అంగీలు కదా, కొట్లాటకు ముందు అంచు నడుముకు దోపుకునేవాళ్లు."

"మా ఊళ్లో పంచె ఎగ్గడతారు. మరి బద్ధకం దేనికి?"

"గబగబా దోపుకుంటే భయం నీది. తీరిగ్గా దోపుకుంటే భయం అవతలివాడిది."

కోటు అంచు నెమ్మదిగా నడుముకు దోపి చూపించి, తన స్టాపులో దిగిపోయాడు.

మర్నాడు మేనేజరు మళ్లీ నా యాస ఎత్తుకోగానే లేచి నిలబడ్డాను. వాడినే చూస్తూ, చొక్కా చేతిని మడత మీద మడతగా పైకి మడిచాను. గదిలో నవ్వు ఆగిపోయింది.

"సారీ, మేట్" అన్నాడు.

నాకది చాల్లేదు. రెండో చెయ్యి కూడా తీరిగ్గా మడిచాకే కూర్చున్నాను.