రేకు మీద ముద్ర

తూనికలు, కొలతల శాఖలో ఆ ఇన్‌స్పెక్టరుగారిది ఇరవై రెండేళ్ల సేవ. ఆ సేవంతా కుర్చీకి చేసిందే. ప్రతి కాటా దగ్గరికీ ఏడాదికోసారి వెళ్లి, బరువులు పెట్టి చూసి, సరిగ్గా ఉంటేనే ముద్ర కొట్టాలి. ఆయనకు ఎండ పడదు, మెట్లు అసలే పడవు. అందుకని ఊళ్లోవాళ్లే ఓ దారి కనిపెట్టారు. కాటాను ఉన్నచోటే ఉంచి, దానికుండే ముద్ర రేకు మాత్రం మరలు విప్పి జేబులో వేసుకొస్తారు. ఆయన దాని మీద ఠంగుమని ముద్ర కొట్టి, కాటా నికార్సైనదని కాగితం రాసిస్తాడు. సిగ్గూ ఎగ్గూ లేని పని.

నెల పిల్లతో కూతురు పుట్టింటికి వచ్చి రెండు వారాలైంది.

"నాన్నా, పిల్ల చిక్కిపోతోంది. క్లినిక్‌లో నర్సేమో వారం వారం బరువు పెరుగుతోందంటోంది."

"పెరిగిందంటే పెరిగినట్టే. ఆ కాటా మీద నా ముద్ర ఉంది."

"దీని చేతులు చూడండి నాన్నా!"

"తూకాల్లో తల నెరిసినవాణ్ని, నాకు చెబుతావేంటే?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాడు. మూడు వారాలు గడిచాయి. పిల్ల ఏడవడం కూడా మానేసింది. "బుద్ధిమంతురాలు, తాత పోలిక" అని మురిసిపోయాడు.

ఆ మర్నాడు కూతురు పిల్లతో నేరుగా ఆఫీసుకే వచ్చింది. అక్కడ శాఖవారి అసలు కాటా ఒకటుంది. దాన్ని తుడవడమే తప్ప వాడింది లేదు.

"అమ్మా, అది పసిపిల్లలకు కాదు, రూల్సు ఒప్పుకోవు" అంటూ ఆయన లేచేలోపే పిల్లను దాని మీద పడుకోబెట్టింది.

క్లినిక్ చీటీలో నాలుగు కిలోల రెండు వందలు. ఇక్కడ మూడు కిలోలు. పుట్టిన నాటికంటే తక్కువ. క్లినిక్ కాటాలో స్ప్రింగు సాగిపోతోంది, అందుకే ముల్లు వారం వారం ముందుకు జరిగింది. ఆ సంగతి ఆయనకు చిటికెలో అర్థమైంది. పని తెలిసినవాడే మరి.

"పెద్దాసుపత్రికి పదండి నాన్నా!"

"నువ్వు నడుస్తూ ఉండమ్మా, వెనకే వస్తా."

కూతురు పిల్లను గుండెకు హత్తుకుని మెట్లు దిగి పరుగెత్తింది. ఆయన బంట్రోతు చేత తలుపు వేయించి, బీరువా తెరిచాడు. క్లినిక్ కాటాకు తాను రాసిచ్చిన కాగితం నకలు ఫైల్లోంచి పీకి చించేయాలి. గంటసేపు చెమటలు కక్కుతూ వెతికాడు. ఆ గంటలో పిల్ల ఎలా ఉందని ఒక్క ఫోను కూడా చేయలేదు.